పేరు హక్కు అడగడానికి, పక్కింటివాణ్ని కొలవడానికి కాదు

(పెనుబల్లిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెనుబల్లి హద్దు మీది ఊరు. ఇటు దిగితే తిరువూరు. అటు సత్తుపల్లి, అశ్వారావుపేట దాటితే అడవి, ఆ అడవి వెనక గోదావరి, భద్రాచలం. హద్దు మీద బతికేవాణ్ని రెండు వైపులా అనుమానంగానే చూస్తారు. మన పిల్లలు హైదరాబాద్ హాస్టల్‌కు పోతే మాట విని 'ఆంధ్రోళ్లా?' అంటారు. విజయవాడకు పోతే 'తెలంగాణోళ్లు' అంటారు. ఉద్యమంలో తిరిగిన మేమంతా ఈ మాట పడ్డవాళ్లమే.

ఖమ్మం అసలు తెలంగాణేనా అని అడిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు చరిత్రే జవాబు. 1969 ఉద్యమానికి నిప్పు రాజుకున్నది పాల్వంచ థర్మల్ కేంద్రం కొలువుల దగ్గర. ఆ జనవరిలో ఖమ్మంలో నిరాహార దీక్షకు కూర్చున్నవాడు అన్నాబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన మాట. కానీ ఇవాళ మేము అడగదలచుకున్నది వేరే ప్రశ్న. మనిషిని ఒక్క పేరుతో కొలిచి పక్కన పెట్టవచ్చునా?

ముల్కీ నిబంధననే తీసుకోండి. 1919 నాటి నిజాం ఫర్మానాతో వచ్చిన ఆ నిబంధన యాసను అడగలేదు, కులాన్ని అడగలేదు. ఇక్కడ పుట్టినవాడు ముల్కీ. బయటి నుంచి వచ్చినా 15 ఏళ్లు ఇక్కడే ఉండి, తిరిగిపోయే ఆలోచన వదులుకున్నవాడూ ముల్కీయే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు ప్రధానంగా ఎక్కడ చదివావని అడిగాయి. అంటే మన హక్కు పత్రాలు రక్తాన్ని చూడలేదు, బతుకును చూశాయి. 1952లో మాత్రం కొలువుల కోసం పుట్టిన న్యాయమైన కోపంలోంచి 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అనే నినాదం కూడా లేచింది. కొలువు ఎత్తుకుపోయింది పాలకుడు, తిట్టు పడింది పళ్లెంలోని తిండి మీద!

పేరు ఎంత నిలకడ లేనిదో గోదావరి ఒడ్డుకు పోయి చూడండి. కుక్కునూరు నిజాం కాలంలో హైదరాబాద్ రాష్ట్రం. 1953 అక్టోబర్ 1న ఖమ్మం జిల్లా ఏర్పడితే ఖమ్మం. అక్కడివాళ్లు ముల్కీలు, మనతో పాటే తెలంగాణ వాళ్లు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల భూభాగాన్ని ఆంధ్రప్రదేశ్‌కు అప్పజెప్పారు. ఆ తర్వాత అక్కడి బడిలోనే చదువుకున్న పిల్లవాడు ఖమ్మంలో కొలువుకు దరఖాస్తు పెడితే స్థానికుడు కాడు. ముల్కీ మనవడు నాన్ లోకల్ అయ్యాడు. కూనవరం కథ ఇంకోటి. అక్కడ గుడిసె మార్చకుండా బతికిన ముసలి కోయ అవ్వ మద్రాసు రాష్ట్రం చూసింది, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ చూసింది. 1959లో ఖమ్మం జిల్లా మనిషి అయ్యింది. 2014లో మళ్లీ తూర్పు గోదావరిలో కలిసింది. ఆమెను ఒక్కసారన్నా అడిగారా?

ఇక మన అడవిలోని గొత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు చేతబట్టుకుని వచ్చినవాళ్లు. ఎస్టీ జాబితా రాష్ట్రాల వారీది కాబట్టి అక్కడ ఆదివాసీ అయినవాడు హద్దు దాటగానే ఇక్కడ కాగితం మీద ఆదివాసీ కాకుండా పోతాడు. అడవి అధికారుల లెక్కలో ఆక్రమణదారు అవుతాడు. 'వలస' అనే మాటను మనం పాలకుల మీద వాడాం. ఆకలితో, భయంతో వచ్చినవాడి మీద అదే మాట వాడితే దాని పదును ఎవరిని కోస్తుంది?

'అట్లయితే తెలంగాణ అనే పేరు ఎందుకు?' అని మీరు అడగవచ్చు. కావాలి. ఆ పేరు మీదనే మనకు అన్యాయం జరిగింది కాబట్టి ఆ పేరుతోనే అడగాలి. 1985లో 610 జీవో ఇచ్చి ఏళ్ల తరబడి అమలు చేయకపోతే ఉద్యోగులు ఏ పేరుతో అడగాలి? గుంపులో నిలబడితే వచ్చే ధైర్యం కూడా మాకు తెలుసు. ఒంటరిగా నోరు విప్పని పిల్లవాడు ర్యాలీలో గొంతెత్తడం కళ్లారా చూశాం. కానీ అదే గుంపు ఒక్కోసారి నోరు నొక్కుతుంది. వేరే మాట అన్నవాణ్ని ద్రోహి అంటుంది.

ఒక టీచరమ్మ ఉందనుకోండి. తాత కృష్ణా జిల్లా నుంచి సేద్యానికి వచ్చాడు. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది. 2011 సకల జనుల సమ్మెలో మనతో పాటు రోడ్డు మీద కూర్చుంది. ఆమె సెటిలరా, తెలంగాణ బిడ్డా? ఆమె బడిలో మీ పిల్లలు చదువుతుంటే ఈ ప్రశ్నకు ఏం విలువ? ఆమె ఒక ఉద్యోగి, ఒక తల్లి, ఒక రైతు మనవరాలు. తనకంటూ ఒక మనసున్న మనిషి. ఏ ఒక్క పేరూ ఆమెను పూర్తిగా పట్టలేదు.

మేము పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే. పేరు సర్కారును నిలదీస్తే అది ఉద్యమం. పక్కింటివాణ్ని నిలదీస్తే అది పెత్తనం. కాబట్టి విద్యార్థి మిత్రులారా, ఏడు మండలాల పిల్లల చదువు, కొలువుల గురించి అడగండి. ఉద్యోగ మిత్రులారా, గొత్తికోయ గూడెం పిల్లవాడు బడికి వస్తే ఏ రాష్ట్రం వాడని కాదు, పలక ఉందా అని అడగండి. 2014లో రాష్ట్రం తెచ్చుకున్నది మనిషి తలెత్తుకుని తిరగడానికి. ఆ తల ఎవరిదైనా సరే.

జై తెలంగాణ!