సమాచార వ్యవస్థ - విశ్లేషకుని పని
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరు అన్న మాట వినగానే మీలో కొందరు వెనుక వరుసకు జరుగుట మేము గమనించితిమి. భయపడనక్కరలేదు. నేడు మేము ముచ్చటింపబోవునది మీ పంచాయతీ బీరువాలోని రిజిస్టర్లను గూర్చియే.

ఒకరు ఒక సంగతి తెలుపుదురు. వేరొకరు దానిని వ్రాసికొందురు, సరిచూతురు, భద్రపరతురు, అడిగినవారికి తీసి యిత్తురు. ఈ పనులన్నియు కలిసినదే సమాచార వ్యవస్థ. చెప్పువారు, వ్రాయువారు, కాగితము, యంత్రము అన్నియు అందు భాగములే. మీ ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు అట్టి వ్యవస్థయే. అది ఎట్లు నడచుచున్నదో, ఎక్కడ చిక్కుపడుచున్నదో కనిపెట్టి మేలైన పద్ధతిని రూపొందించువానిని వ్యవస్థా విశ్లేషకుడందురు. స్త్రీయైనను కావచ్చును.

జననముల రిజిస్టరునే తీసికొందము. ఆడపడుచు తొలికాన్పునకు పుట్టింటికి వచ్చుట మన వాడుక. 1969 నాటి చట్టము ప్రకారము బిడ్డ పుట్టిన చోటనే జననము నమోదు కావలెను గనుక, అత్తవారి ఊరిలో అడిగిన ప్రయోజనము లేదు. ఇంటిలో కాన్పయినచో ఇంటి పెద్ద 21 దినములలో తెలుపవలెను. మన యిండ్లలో పెక్కుమంది బారసాల చేయునది సరిగా 21వ నాడే! పేరు పెట్టకుండ ఏమి వ్రాయింతుమని తాతగారు ఆగుదురు. గడువు దాటును. నిజమునకు పేరు లేకుండగనే జననమును నమోదు చేయించి, పేరును తరువాత చేర్పించుకొనుటకు చట్టము అవకాశమిచ్చినది.

ఈ ఆచారము నెరుగనివాడు, పేరు గడి నింపనిదే ముందుకు సాగని విధముగా కంప్యూటరులో ఏర్పాటు చేసెననుకొనుడు. గుమాస్తా ఏమి చేయును? 'పాప' అని కొట్టి ఆనాటి పని ముగించుకొనును. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును, ఓటరుగా నమోదగుటకును పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారము. ఆ 'పాప'ను దిద్దించుటకు తల్లి కూలి మానుకొని ఎన్ని మార్లు తిరుగవలెనో మాకంటె మీకే బాగుగ తెలియును. అడుగవలసినవారిని ముందుగ అడిగియున్న ఈ తిప్పలు ఉండకపోవును.

అడిగి తెలిసికొన్నచో ఎంత మేలు కలుగునో చూపుటకు దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పుదుము. లండనులో లయన్సు అను కంపెనీకి అనేక టీ దుకాణము లుండెడివి. ఆ కంపెనీ తన కార్యాలయపు లెక్కలకై 'లియో' అను కంప్యూటరును తానే నిర్మించుకొని, 1951లో పనిలో పెట్టినది. అచట పనుల తీరును పరిశీలించిన డేవిడ్ కామినరును తొలి వ్యవస్థా విశ్లేషకుడని పలువురు చెప్పుదురు. మరునాటికి ఎన్ని రొట్టెలు, ఎన్ని కేకులు కావలెనో ప్రతి దుకాణము రోజును తెలుపవలెను. అయితే సోమవారపు సరుకు చాలవరకు గడచిన సోమవారపు సరుకు వలెనే యుండును గదా! కనుక వారములో ఏ రోజునకు ఎంత అన్న స్థిరమైన పట్టికను యంత్రమునందుంచి, మార్పులను మాత్రము టెలిఫోనులో చెప్పించుకొనిరి. 1954లో ఈ పద్ధతి అమలయ్యెను. దుకాణము నడుపు స్త్రీకి పెద్ద పట్టిక వ్రాయు బాధ తప్పినది. దీనికి మూలము యంత్రపు వేగముకంటె, దుకాణపు వ్యవహారము నెరిగిన వారి గమనికయే యని మా అభిప్రాయము.

కావున మీ ఊరికి అట్టి పరిశీలకుడు వచ్చినపుడు సర్పంచిగారి గదిలో కాఫీ ఇచ్చి సాగనంపకుడు. దిద్దుబాట్లున్న పుటలు చూపుడు. రిజిస్టరు మధ్య దాచిన చీటీలును చూపుడు. అసలు వ్యవహారము తరచుగ ఆ చీటీలలోనే యుండును. పన్ను వసూలు చేయువానితో ఒక పూట వీధులు తిరుగనిండు. కరెంటు పోయిననాడు రసీదు ఎట్లిత్తురో అడుగుడు. సభ తేదీ తెలుపుటవంటి చిన్న పనికి నోటీసు బోర్డు, దండోరా చాలునని మీకు తోచినచో మొగమాటము లేక చెప్పుడు.

కొత్త పద్ధతి వచ్చిన పిదప కొన్ని నెలలు పాత రిజిస్టరును కూడ నడిపి, రెంటిని సరిపోల్చుకొనుడు. తప్పు దొరలినచో దిద్దుబాటు దరఖాస్తు ఎవరికీయవలెను, ఎన్ని దినములలో జవాబు వచ్చును అను రెండు సంగతులను ముందే వ్రాతమూలకముగ తీసికొనుడు.

ఇక మీ సందేహములు అడుగుడు. వెనుక వరుసలోని వారికే మొదటి అవకాశము.