తపాలాలో వచ్చిన ఫ్లాపీ



1989 డిసెంబరులో లండను నుండి సుమారు 20,000 ఫ్లాపీలు తపాలాలో బయలుదేరినవి. ఒక కంప్యూటరు పత్రిక చందాదారులకును, ఎయిడ్సును గూర్చిన అంతర్జాతీయ సభకు వచ్చినవారికిని అవి చేరినవి. ఆ వ్యాధి సోకు అవకాశమెంతయో తెలుపు ప్రోగ్రాము అందు గలదు. అది నిజముగనే ప్రశ్నలడిగెను, ఫలితమును చెప్పెను. ఇక అనుమానమెట్లు కలుగును?

కంప్యూటరును 90 మార్లు వెలిగించువరకు అది మిన్నకుండెను. పిమ్మట ఫైళ్ల పేర్లను గుప్తలిపిలోనికి మార్చి, పనామాలోని తపాలా పెట్టెకు 189 డాలర్లు పంపుమనెను. ఫైళ్లలోని విషయము చెడలేదు, పేర్లే మారినవి. అడంగలులో సర్వే నెంబర్లు చెరిపినచో భూమి ఎచటికిని పోదు. కాని యేది యెవరిదో తేలదు గదా!

చిత్రమేమనగా, రుసుము చెల్లింపనిచో ఇతర ప్రోగ్రాములకు హాని కలుగునని తోడి కాగితమున సన్నని అక్షరములలో వ్రాసియే యుండెను. నిందితుడైన జోసెఫ్ పాప్ అను జీవశాస్త్రజ్ఞుని పట్టుకొనిరి గాని, మతిస్థిమితము లేదని విచారణ సాగలేదు.

నేడు ఫ్లాపీకి మారుగ, పెండ్లి శుభలేఖయను పేర వాట్సాపులో ఏపీకే ఫైలు వచ్చుచున్నది. శుభలేఖ బొమ్మగనో పీడీఎఫ్‌గనో వచ్చును. ఇన్‌స్టాల్ చేయుమని కోరదు. ఈ ఫైలు ఎస్సెమ్మెస్సులు చదువ అనుమతి నడుగును. ఇచ్చినచో బ్యాంకు పంపిన ఓటీపీ దొంగకును చేరును. పంపినది మేనమామ నెంబరే కావచ్చును; ఆయన ఫోను ముందే దొంగ వశమై యుండవచ్చును. “మామయ్యా, ఇది మీరు పంపితిరా?” యని ఫోనులో అడుగుటకు అరనిముసము చాలును.