కన్నులు తెరచిన నిరీక్షణ

(ఆగమన కాలమున జరిగిన సంఘ కుటుంబ కూటములో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను వేదపండితుడను కాను. ముప్పదేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. శ్రమల మధ్య క్రైస్తవ నిరీక్షణను గూర్చి, ప్రభువు రాకడను గూర్చి మాటలాడుమని నన్ను కోరినారు. ఈ అంశము వినగానే నాకు ఒక తల్లి ముఖము జ్ఞాపకమునకు వచ్చినది. ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఆనాడు జవాబు చెప్పలేకపోతిని. ఆమె సంగతి తరువాత చెప్పెదను. మొదట తెలుగు మేష్టరును గనుక మాటతోనే ఆరంభించెదను.

విశ్వాసము, ప్రేమలతో కూడ పౌలు మూడవదిగా చెప్పిన దానికి గ్రీకులో 'ఎల్పిస్' అని పేరు. మన బైబిలును తెనిగించిన పెద్దలు అక్కడ 'ఆశ' అని వ్రాయలేదు, 'నిరీక్షణ' అని వ్రాసిరి. ఎంత ఆలోచించి వ్రాసిరో గమనింపుడి. తెలుగులో ఆశ మంచిదియు కావచ్చును, చెడ్డదియు కావచ్చును. పేరాశ, అత్యాశ, దురాశ అన్నియు దాని సంతానమే. నిరీక్షణ అట్టిది కాదు. నిరీక్షణ అనగా ఎదురుచూచుట. ఆ మాట కడుపులో 'ఈక్షణము' ఉన్నది, అనగా చూపు. ఎదురుచూచువాడు కన్ను మూయడు. ఊరి చివర చెట్టుక్రింద బస్సు కొరకు నిలిచిన మనిషిని చూడుడి. మూట చేతిలోనే యుండును, చూపు రోడ్డుమీదనే యుండును. బస్సు ఆలస్యమైనదని విసుగుకొనవచ్చును గాని, రాదని తెలిసినవాడు అక్కడ నిలువడు గదా!

ప్రభువు రాకడను గూర్చి మనకు లభించిన మిక్కిలి పాత వ్రాతలలో థెస్సలొనీక సంఘమునకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక ఒకటి. అది క్రీ.శ. 50, 51 ప్రాంతమున వ్రాయబడినదని పండితులు చెప్పుచున్నారు. అనగా ప్రభువు ఆరోహణమై ఇరువది యేండ్లు గడచినవి. ఆ సంఘము సుఖముగా నున్న సంఘము కాదు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము చదివినచో, అల్లరిమూక యాసోను ఇంటిమీద పడి అతనిని అధికారుల యొద్దకు ఈడ్చుకొనిపోయిన సంగతి కనబడును. అట్టి ఊరిలో క్రొత్తగా నమ్మినవారికి రెండు కష్టములు వచ్చినవి.

మొదటిది దుఃఖము. ప్రభువు వచ్చులోగా తమవారు కొందరు చనిపోయిరి. వారి గతి ఏమగునో అని వీరు కుమిలిపోయిరి. పౌలు వారిని ఏడువవద్దని మందలింపలేదు. నిరీక్షణ లేనివారు ఏడ్చినట్లు ఏడువకుడని మాత్రము చెప్పెను. ఈ రెంటికి చాల భేదమున్నది. లాజరు సమాధియొద్ద మన ప్రభువే కన్నీరు విడిచెను. లేపబోవుచున్నానని ఎరిగియుండియు విడిచెను. కాబట్టి క్రైస్తవుని కన్నీరు అవిశ్వాసమునకు గురుతు కాదు.

రెండవది సోమరితనము. రాకడ సమీపించినది గదా, ఇక పనియెందుకని కొందరు చేతులు ముడుచుకొని కూర్చుండిరి. రెండవ పత్రికలో పౌలు వారిని గట్టిగానే గద్దించెను. పని చేయనొల్లనివానికి భోజనము వద్దన్నాడు. దుఃఖపడినవారిని ఓదార్చిన ఆ చేతితోనే సోమరులను గద్దించెను.

ఈ రెండవ జబ్బు నేటికిని పోలేదు. అమెరికాలో విలియం మిల్లరు బోధను అనుసరించిన వేలాదిమంది 1844 అక్టోబరు 22న ప్రభువు వచ్చునని ఎదురుచూచిరి. పొలములో పంట తీయక విడిచినవారును ఉన్నారు. ఆ దినము అందరి దినములవలెనే గడచిపోయినది. చరిత్రలో దానిని 'మహా ఆశాభంగము' అని పిలుచుచున్నారు. అంతదూరము పోనక్కరలేదు. నా చిన్నతనమున మా ఊరికి గుడ్డమీద బొమ్మలు గీసిన పెద్ద పటము పట్టుకొని ఒక బోధకుడు వచ్చి, లెక్కలు కట్టి, సంవత్సరము చెప్పి వెళ్ళెను. ఆ సంవత్సరము వచ్చినది, పోయినది. మా పెదనాయన మాత్రము ఆ యేడు కూడ నారు పోసినాడు. "ఆయన వచ్చేసరికి నేను చేలో కనపడితే తప్పేముందిరా?" అన్నాడు. ఆ దినమును, ఆ గడియను ఎవరును ఎరుగరని ప్రభువే చెప్పియుండగా, మనకు లెక్కలతో పనిలేదు.

ఇప్పుడు ఆ తల్లి సంగతి చెప్పెదను.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమమీద ఉప్పెన విరుచుకుపడిన దినము. పెద్దలకు జ్ఞాపకమున్నది, పిల్లలు విని యుందురు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చినది. ప్రభుత్వ లెక్కలలోనే మృతుల సంఖ్య పదివేలకు చేరువైనది. అంతకంటె చాల ఎక్కువని అక్కడివారు నేటికిని చెప్పుదురు. తుపాను హెచ్చరికలు లేకపోలేదు. అయితే గాలివాన ఎరిగినవారికి సైతము, సముద్రము అంత ఎత్తున ఊళ్ళమీదికి నడచి వచ్చునన్న తలంపు లేదు. కోతకు వచ్చిన వరిచేలు ఉప్పునీటిలో మునిగిపోయినవి. తాటాకు ఇండ్లు ఉన్నచోట గురుతులు సహితము మిగులలేదు.

నాకు అప్పటికి ఇరువదినాలుగేండ్లు. క్రొత్తగా ఉద్యోగములో చేరితిని. మా సంఘ యౌవనులము బియ్యము, పాతబట్టలు లారీలో వేసికొని అవనిగడ్డ దాటి కోడూరు వైపు పోతిమి. మాతోకూడ మా సంఘపు బైబిలు స్త్రీ వచ్చినది. అప్పటికే అరువదేండ్లు దాటిన మనిషి. చదువు తక్కువ, వాక్యము కంఠత.

ఒక పాలెములో గట్టుమీద కూర్చున్న ఒక తల్లిని చూచితిమి. ఇద్దరు బిడ్డలను నీరు తీసికొనిపోయినది. ఒక బిడ్డ దొరికినది, ఒక బిడ్డ దొరకలేదు. ఆమె ఏడ్చుట లేదు, కదలుట లేదు. నేను ఆమె ప్రక్కన నిలిచి, నాకు తెలిసినదంతయు చెప్పితిని. ఇది దేవుని చిత్తమని చెప్పితిని. ప్రభువు త్వరలో వచ్చును, అప్పుడు అన్నియు సరియగునని చెప్పితిని. ఆమె తల ఎత్తి నావైపు చూచినది.

"నీకు పిల్లలున్నారా బాబూ?" అన్నది.

లేరంటిని. నాకు అప్పటికి పెండ్లి కాలేదు.

"వస్తాడు వస్తాడంటన్నావ్. మరి శనివారం ఎందుకు రాలేదు?"

నాకు నోట మాట రాలేదు. ఇన్నేండ్లైనను ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేదు. నేను చెప్పిన మాటలు అబద్ధములు కావు. అయితే చెప్పవలసిన వేళ అది కాదు, చెప్పవలసిన మనిషిని నేను కాను. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలమీద కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడినారు.

మా బైబిలు స్త్రీ నన్ను ప్రక్కకు పొమ్మని సైగచేసినది. మూడు రాళ్ళు పెట్టి, తడిసిన పుల్లలతో ఎట్లో మంట రాజేసి, గంజి కాచినది. తాను ఆ తల్లి ప్రక్కన కూర్చుండి, చెంబుతో గంజి త్రాగించినది. ఆ దినమంతయు వాక్యము ఎత్తలేదు. మేము అక్కడనే ఉండిపోతిమి. ఎనిమిది దినములకు, నవంబరు 27న, ఆగమన కాలపు మొదటి ఆదివారము వచ్చినది. మందిరము లేదు, గంట లేదు. పాక వేసికొన్నచోట పదిమందిమి కూడితిమి. అప్పుడు ఆమె ప్రకటన గ్రంథము 21వ అధ్యాయములోని సంగతి తన మాటలలో చెప్పినది. దేవుడు దిగివచ్చి మనుష్యుల నడుమ కాపురముండునని, తానే వారి కన్నులు తుడుచునని, అక్కడ చావు లేదని చెప్పుచు, సముద్రము కూడ ఉండదని చెప్పినది.

ఆ తల్లి ఉలిక్కిపడి, "నిజంగా సముద్రం ఉండదా అమ్మగారూ?" అన్నది.

"ఉండదంట తల్లీ. అట్టానే రాసుంది."

అప్పుడు ఆమె ఏడ్చినది. తొమ్మిది దినములుగా రాని ఏడుపు ఆనాడు వచ్చినది.

వెనుక కూర్చున్న ఒక ముసలి పల్లెకారు, "సముద్రం లేకపోతే మేం ఏం తిని బతకాలమ్మా?" అన్నాడు. దానికి మా బైబిలు స్త్రీ, "గట్టున నిప్పులేసి, చేపలు కాల్చి, రండి తినండన్నవాడు ఆయనేగా అయ్యా! ఆయన పెట్టడా?" అన్నది. యోహాను సువార్త కడపటి అధ్యాయము ఆమెకు ఆ క్షణమున జ్ఞాపకమునకు వచ్చినది. ఆ కన్నీళ్ళలోనే కొందరు నవ్విరి.

నేను ఎన్నోసార్లు ఆ అధ్యాయము చదివియుంటిని గాని సముద్రమును గూర్చిన ఆ మాటను దాటిపోతిని. ఆ గ్రంథము వ్రాసిన యోహాను పత్మాసు ద్వీపమున చెరలో నున్నవాడు. తాను ప్రేమించిన సంఘములకును తనకును నడుమ సముద్రమే అడ్డు. ఎవరి కష్టము వారికి వాక్యమును తెరచును. నిండు కడుపుతో చదివినప్పుడు కనబడని అక్షరము కన్నీటిలో కనబడును.

ఈ కథ ఇంతటితో ముగియలేదు. ఉప్పెన తరువాత తీరమున ప్రభుత్వమును, స్వచ్ఛంద సంస్థలును, మన సంఘముల సేవాసంస్థయైన కాసాయు తుపాను షెల్టర్లు కట్టించిరి. 1990 మే 9న మరల అంత బలమైన తుపాను కృష్ణా ముఖద్వారము దగ్గరనే తీరము దాటినది. ఈసారి లక్షలాది జనమును ముందుగానే సురక్షిత స్థలములకు తరలించిరి. ఆస్తినష్టము అపారము. ప్రాణనష్టము మాత్రము వెయ్యి లోపున నిలిచినది. ఆ ప్రతి ప్రాణమును విలువైనదే. అయినను పదివేలెక్కడ, వెయ్యి ఎక్కడ?

కొన్ని నెలల తరువాత ఆ పాలెమునకు వెళ్ళితిని. ఆ తల్లి నన్ను గురుతు పట్టినది. తుపానుకు ముందటి రోజున తాను ఇంటింటికి తిరిగి, కదలనన్న ముసలివారిని కూడ చేయిపట్టి లేపి షెల్టరుకు నడిపించితినని చెప్పినది. "ఆయనొచ్చేదాకా నా కళ్ళముందు ఇంకో బిడ్డ పోకూడదనుకున్నా మేస్టారూ" అన్నది.

సహోదరులారా, నిరీక్షణకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నేను ఏ పుస్తకములోను చదువలేదు. ఆమె తన ప్రశ్నను విడువలేదు, ప్రభువును విడువలేదు. కన్నులు తెరచుకొని యున్నది.

మన పెండ్లిండ్లలో 'ఎదురుకోలు' అని ఒకటి యున్నది. పెండ్లికొడుకు ఊరి పొలిమేరకు వచ్చినాడని తెలియగానే పెండ్లికూతురివారు మేళముతో ఎదురేగుదురు. మన తెలుగు బైబిలులో ప్రభువును 'ఎదుర్కొనుట' అన్న మాట ఇదియే. అపొస్తలుల కార్యములు 28లో రోమాలోని సహోదరులు ఊరు వెడలి, దూరము నడచి వచ్చి పౌలును ఎదుర్కొనినప్పుడును గ్రీకులో ఇదే మాట. ఎదురేగువారు ఇంటిలో పండుకొని యుండరు. ఇల్లు ఊడ్చి, దీపము వెలిగించి, వాకిట ముగ్గు పెట్టి, అప్పుడు ఎదురేగుదురు. పదిమంది కన్యకల ఉపమానములో అందరును కునికిరి. బుద్ధిగలవారి సిద్దెలలో నూనె యున్నది, అదే తేడా.

నేడు మనకును శ్రమలున్నవి. 2020, 2021 సంవత్సరములలో కరోనావేళ నలుగురైదుగురు మాత్రమే సమాధుల తోటకు పోయి తమవారిని అప్పగించి వచ్చిన కుటుంబములు ఈ కూటములో ఉన్నవి. అప్పులలో నున్నవారు, మంచముపట్టినవారికి సేవచేయుచున్నవారు, దూరదేశములలోని పిల్లల ఫోను కొరకు కాచుకొని యున్న వృద్ధులు ఉన్నారు. వారందరికి నేను మూడు మాటలు మనవి చేసికొనుచున్నాను.

మొదటిది, దుఃఖపడుచున్నవారియొద్దకు జవాబులతో పోవద్దు, గంజితో పొండు. వాక్యము చెప్పు వేళ దానంతట అదే వచ్చును.

రెండవది, దినములు లెక్కపెట్టవద్దు, దినములను వాడుకొనుడి. ఆయన ఆలస్యము చేయుట ఎవరును నశింపకూడదను దీర్ఘశాంతము వలననే అని పేతురు వ్రాసెను. ఆయన మనకిచ్చిన ప్రతి దినము ఇంకొకరిని చేయిపట్టి నడిపించుటకే.

మూడవది, శ్రమ దానంతట అది మంచిదని ఎన్నడును చెప్పవద్దు. సృష్టియంతయు ప్రసవవేదన పడుచున్నదని రోమా 8లో పౌలు చెప్పెను. ప్రసవవేదన నిజమైన నొప్పియే. అయితే అది చావు నొప్పి కాదు. పురిటిగది బయట కూర్చున్నవారు ఆ కేక విని భయపడుదురు, అయినను లేచి పోరు. బిడ్డ కొరకు కనిపెట్టుకొని యుందురు.

ఈ శతవత్సర పండుగలో మన సమాధుల తోటకు ఒకసారి పోయి చూడుడి. తొలితరము విశ్వాసులలో అనేకుల పేర్లు చెరిగిపోయినవి. కొన్నిటికి రాయి కూడ లేదు. అయినను వారిని తూర్పు ముఖముగా పెట్టిరి. ప్రభువు ఉదయించు సూర్యునివలె వచ్చునని, లేవగానే ఆయన ముఖమే చూడవలెనని మన పెద్దల కోరిక. కరవులు, కలరాలు, ఉప్పెనలు చూచిన జనులు వారు. చదువు తెలియనివారు అనేకులు. మట్టిలో సైతము వారు ఎదురుచూచుచునే యున్నారు.

రాబోవు ఆదివారము ప్రభువు బల్లయొద్దకు వచ్చునప్పుడు, ఆయన వచ్చువరకు అని మనము చెప్పుకొను మాటను నిదానముగా పలుకుడి. ఆ మాటలో మన పోయినవారున్నారు, ఆ తల్లి బిడ్డలున్నారు, ఆమె ప్రశ్న కూడ ఉన్నది. జవాబు ఇచ్చువాడు వచ్చుచున్నాడు. అంతవరకు మన చేతులకు పని, కన్నులకు చూపు ఆయన దయచేయునుగాక. ఆమేన్.