అసలు పేరు అడగకూడదు: ఎర్త్‌సీ మ్యాజిక్‌లో మొదటి రూల్

ముందుగా ఒక ప్రశ్న. మీ ఫోన్ లాక్ మీకు కాకుండా ఇంకెంతమందికి తెలుసు? ఆ నంబర్ మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్లీ అడుగుతా.

ఈరోజు టాపిక్, ఫాంటసీ కథల్లో 'అసలు పేరు' అనే మ్యాజిక్. ఐడియా చాలా పాతది. ఈజిప్టు పురాణంలో సూర్యదేవుడు రాకి ఎవరికీ తెలియని ఒక రహస్య నామం ఉంటుంది. ఐసిస్ దేవత ఆయన ఉమ్మి పడిన మట్టితోనే ఒక పాముని చేసి, ఆయన నడిచే దారిలో పెడుతుంది. పాము కాటేస్తుంది. ఆయన విలవిల్లాడుతుంటే, "పేరు చెప్పు, విషం దింపుతా" అంటుంది. ఆయనకి చెప్పక తప్పదు.

ఈ ఐడియాతో ఒక ప్రపంచాన్నే కట్టిన రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్. ఆవిడ నవల 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో వచ్చింది. ఎర్త్‌సీ అంటే సముద్రం నిండా దీవులు. అక్కడ రాయికి, పక్షికి, మనిషికి, అన్నిటికీ పాత భాషలో ఒక అసలు పేరు ఉంటుంది. ఆ పేరు తెలిస్తే అది మీ మాట వింటుంది. అందుకే రోక్ దీవిలోని మంత్రాల స్కూల్లో పిల్లలు ఒక టవర్‌లో కూర్చుని పేర్ల లిస్టులు బట్టీ పడతారు. అవును, అక్కడ కూడా బట్టీనే!

మనకైతే ముద్దుపేరు ఇంట్లో, అసలు పేరు ఆధార్ కార్డులో. అక్కడ పూర్తిగా రివర్స్. ఊరంతా పిలిచేది పైపేరు, అసలు పేరు ప్రాణంలా దాచుకుంటారు. హీరోని అందరూ స్పారోహాక్ అంటారు. గెడ్ అనే అసలు పేరు 13వ ఏట గురువు ఓగియన్ పెడతాడు.

ఈ పవర్ ఎంతంటే, పెండర్ దీవిలో ఒక ముసలి డ్రాగన్ ఉంటుంది. గెడ్ పాత చరిత్రలు చదివి దాని పేరు ఊహించి, 'యెవాడ్' అని పిలుస్తాడు. అంత పెద్ద డ్రాగన్ లొంగిపోయి, తానూ తన కొడుకులూ మనుషుల దీవుల వైపు రామని ఒట్టేస్తుంది.

కానీ నాకిష్టమైన సీన్ వేరే ఉంది. చదువుకునే రోజుల్లో గెడ్ పంతానికి పోయి, చచ్చిపోయినవాళ్ల ఆత్మని పిలుస్తాడు. దాంతోపాటు ఒక చీకటి నీడ బయటికొచ్చి వాడి మొహం చీల్చేస్తుంది. వాడిని కాపాడబోయి స్కూల్ పెద్దాయన చనిపోతాడు. కోలుకున్నాక చూస్తే తోటివాళ్లంతా ముందుకెళ్లిపోయారు, తన మీద తనకే నమ్మకం లేదు. అప్పుడు వెచ్ అనే ఫ్రెండ్, చదువైపోయి ఊరికి వెళ్తూ, తన అసలు పేరు చెప్తాడు. ఎస్టారియల్. గెడ్ అడగలేదు. అంత తప్పు చేసినవాడి చేతిలో వెచ్ తన ప్రాణం పెట్టాడు. గెడ్ కూడా తన పేరు చెప్తాడు.

1964లో ఆవిడే రాసిన 'ది రూల్ ఆఫ్ నేమ్స్' కథలో టీచర్ పిల్లలకి రెండు రూల్స్ నేర్పిస్తుంది. ఎవరి అసలు పేరూ అడగకూడదు. మీది చెప్పకూడదు. రెండో రూల్‌ని ప్రేమతో దాటొచ్చు, వెచ్ దాటాడు. మొదటిది దాటితే మాత్రం మీరు ఐసిస్ అయిపోతారు.

నేను దాటాను. బీటెక్‌లో "నమ్మకం లేదా రా?" అని అడిగి మా రూమ్మేట్ ఫోన్ లాక్ తెలుసుకున్నా. ఒకరోజు వాడు స్నానానికెళ్తే చాట్స్ చదివేశా. నా గురించి ఏమీ లేదు. వాళ్ల నాన్న అప్పుల గురించి ఉంది. వారం తర్వాత నోరు జారి, "డబ్బులేమైనా కావాలా?" అన్నా. వాడికి అర్థమైపోయింది. తిట్టలేదు. సాయంత్రానికి లాక్ మార్చేశాడు. ఇప్పుడు బర్త్‌డే విషెస్ వరకే మాట్లాడుకుంటాం.

అందుకే "ప్రేముంటే పాస్‌వర్డ్ చెప్పు" అని ఎవరైనా అంటే, ఆ పాము గుర్తు తెచ్చుకోండి. చెప్పకపోవడం మీ తప్పు కాదు. ఎవరైనా తమంతట తాము ఏదైనా చెప్తే, అది మీ దగ్గరే ఆగిపోవాలి.

ఇప్పుడు ఆ నంబర్ బయటికి తీయండి. అందులో అడిగి తీసుకున్నవాళ్లెంతమంది, మీరే ఇచ్చినవాళ్లెంతమంది? నాకు చెప్పక్కర్లేదు, మీరే లెక్కేసుకోండి. నవల క్లైమాక్స్‌లో కూడా అంతా ఒక పేరు మీదే తిరుగుతుంది. అది ఎవరిదో నేను చెప్పను, చదివి తెలుసుకోండి. మళ్లీ కలుద్దాం, బై!