జెండా బిళ్ళ అంటించిన కవరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము కాగానే పాత పోస్టు బిళ్ళల సంగతి ఎందుకని మీరు అడుగవచ్చును. ఊరు విడిచి వచ్చిన మన కుటుంబములలో పాత ట్రంకు పెట్టె లేని ఇల్లు తక్కువ. అందులో ఉత్తరములు లేని పెట్టె ఇంకను తక్కువ. కనుక ఇది మన ఇంటి సంగతే.

1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యము వచ్చినది గాని, ఆనాడు పోస్టాఫీసులో అమ్మినవి ఆరవ జార్జి రాజుగారి తల గల బిళ్ళలే. కొత్తవి అచ్చు కావలెను గదా! ముద్ర కొట్టుటకు మాత్రము ఆలస్యము లేకపోయినది. ఆనాడే "జైహింద్" అను ప్రత్యేక తపాలా ముద్ర వేశారు. రాజుగారి మొగము మీద జైహింద్! ఏ ఉపన్యాసము చెప్పగలదు ఇంతకంటె?

స్వతంత్ర భారతపు మొదటి బిళ్ళ 1947 నవంబరు 21న వచ్చినది. రెపరెపలాడు మువ్వన్నెల జెండా, నాగరి లిపిలో జైహింద్. విడుదల నవంబరులోనైనను బిళ్ళపై తేదీ ఆగస్టు 15. వెల 3½ అణాలు. అది విదేశమునకు పోవు ఉత్తరము ఖరీదు. దేశములోని ఉత్తరమునకు వలసిన 1½ అణా బిళ్ళ, అశోకుని సింహములతో, డిసెంబరు 15న గాని రాలేదు. విమానపు బొమ్మ గల 12 అణాల బిళ్ళయు ఆనాడే. ఇవన్నియు మనమున్న ఈ మహారాష్ట్రములోనే, నాసిక్ ముద్రణాలయమున అచ్చయినవి. నాసిక్ రోడ్డు స్టేషను వచ్చినపుడు పిల్లలకు చెప్పండి.

ఆ జెండాకు మూలమైన నమూనాను 1921లో బెజవాడలో గాంధీజీకి అందించినవారు మన కృష్ణా జిల్లా పింగళి వెంకయ్యగారు. జెండా బిళ్ళకెక్కిన 62 ఏండ్లకు, 2009లో గాని ఆయన బొమ్మ బిళ్ళకెక్కలేదు.

1948 ఆగస్టు 15న గాంధీజీ బిళ్ళలు నాలుగు వచ్చినవి. నాగరిలోను ఉర్దూలోను "బాపు" అని ఉండును. చక్కనివే, కాని స్విట్జర్లాండులో అచ్చు వేయించారు. రాట్నము వడకుమన్న మహాత్ముని బొమ్మకు పరదేశపు అచ్చు మాకు నేటికిని మింగుడుపడదు.

ఇక అసలు మనవి. బిళ్ళలు సేకరించువారికి ఇచ్చుటకై కొందరు కవరు మూల కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి, బిళ్ళ ఊడదీసి, ఉత్తరము చించివేయుచున్నారు. అలా చేయవద్దు. ముద్ర సగము పోవును. ఏ ఊరి నుండి ఏ ఊరికి వచ్చినదో తెలియదు. 1½ అణా బిళ్ళ నేటికిని బజారులో దొరకును. వానలు పడినవా, ఆవు ఈనినదా, చెల్లెలి పెండ్లి ఎప్పుడు అని తాతగారు వ్రాసిన కాగితము ఏ బజారులో దొరకును? మన పిల్లలు మరాఠీ, ఇంగ్లీషు బడులలో చదువుచున్నారు. చాలామందికి ఆ అక్షరములు రావు.

కవరును కవరుగానే సంఘము గదికి తీసుకొని రండి. ఆదివారము సాయంత్రములు మేము అక్కడ కూర్చుందుము. ఉత్తరము చదివి వినిపించి, పిల్లలచేతనే వేరొక కాగితముపై ఎత్తి వ్రాయించెదము. బిళ్ళ మీదే, ఉత్తరము మీదే. ఒక్క రాత్రియైనను మా వద్ద ఉంచుకొనము.