దయ్యాల వేట



దయ్యాలు ఉన్నాయా, లేవా అని వాదించడానికి నేను ఈనాడు మీ ముందుకు రాలేదు. ఆ వాదం ఒక పట్టాన తెగదు. అయితే దయ్యాలను చూడాలని రాత్రివేళ పాడుబడిన ఇళ్లలోకి పోయేవారికి కలిగే హాని మాత్రం నిజమైనది. దానిని గురించి నాలుగు మాటలు చెబుతాను. శ్రద్ధగా వినండి.

మీరు నివసిస్తున్న రాస్ అల్ ఖైమాలో, సముద్రం ఒడ్డున, జజీరత్ అల్ హమ్రా అనే పాత ఊరు ఉన్నది. ఆ పేరుకు ‘ఎర్ర దీవి’ అని అర్థం. దానిని చాలామంది ‘దయ్యాల ఊరు’ అంటారు. రాత్రిపూట అక్కడ అడుగుల చప్పుడు వినిపిస్తుందనీ, జిన్నులు తిరుగుతాయనీ కథలు చెబుతారు. ఆ కథలు విని, సెల్‌ఫోను దీపం పట్టుకొని, మిత్రులతో అక్కడికి పోవాలని మీలో కొందరికి తోచవచ్చు. పోయే ముందు ఆ ఊరి చరిత్ర తెలుసుకోండి.

అక్కడ జాబ్ తెగవారు నివసించేవారు. వారు సముద్రంలో మునిగి ముత్యాలు తెచ్చేవారు, చేపలు పట్టేవారు, పడవలపై వర్తకం చేసేవారు. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యం వల్లా, జపానువారి పెంపుడు ముత్యాలు బజారుకు రావడం వల్లా గల్ఫ్ తీరంలో ముత్యాల వ్యాపారం దెబ్బతిన్నది. ఆ తరువాత 1968 ప్రాంతంలో స్థానిక పాలకులతో వచ్చిన తగాదా కారణంగా ఊరివారిలో అధికభాగం అబూ ధాబీకి తరలిపోయారు. ఇళ్లు, మసీదులు, బావులు అలాగే మిగిలాయి. ఇదీ జరిగిన సంగతి. దయ్యాలకు జడిసి ఊరు ఖాళీ కాలేదు. బ్రతుకుతెరువు మారింది, మనుషులు వెళ్లిపోయారు.

మనుషులు విడిచిన చోట కథలు చేరుతాయి. మన పల్లెల్లో ఊరి చివరి మర్రిచెట్టుకూ, పాడుబడిన బావికీ దయ్యాలను అంటగట్టడం మీరు వినే ఉంటారు. రాస్ అల్ ఖైమాలోనే 1985లో కట్టిన అల్ ఖాసిమీ భవనం చాలాకాలం ఖాళీగా ఉండటం వల్ల దానికీ అటువంటి పేరే వచ్చింది.

ఇక శరీరానికి కలిగే ప్రమాదాలను చూద్దాం. జజీరత్ అల్ హమ్రాలోని పాత ఇళ్ల గోడలు సముద్రపు పగడపు రాళ్లతో కట్టినవి. పైకప్పులకు మడచెట్ల దూలాలు, ఖర్జూరపు ఆకుల చాపలు వాడారు. భూమిలోని ఉప్పునీరు గోడలలోకి ఎక్కి, ఎండకు ఆరి, ఉప్పు గడ్డకట్టి రాతిని లోపలినుండి పిండి చేస్తుంది. పైకి గట్టిగా కనిపించే గోడ చేయి ఆనిస్తే కూలవచ్చు. మిద్దె ఎక్కితే కప్పు దిగబడవచ్చు. ప్రభుత్వ పురావస్తు శాఖవారు కొన్ని కట్టడాలను బాగుచేశారు. కాని పాడుబడిన ఇల్లు ఎక్కడున్నా దాని స్వభావం ఇదే.

చీకటిలో గోతులు, పగిలిన గాజుముక్కలు, తుప్పు పట్టిన మేకులు కనబడవు. ఎడారి నేలలో పింజర జాతి పాములు, తేళ్లు ఉంటాయి. పగటి ఎండకు దాగి అవి రాత్రివేళనే బయటికి వస్తాయి. పాము కరిస్తే కోయరాదు, కట్టు బిగించరాదు, నోటితో పీల్చరాదు. కరిచిన అవయవాన్ని కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఈ దేశంలో అంబులెన్సుకు 998, పోలీసులకు 999. ఈ అంకెలు గుర్తుంచుకోండి.

మరి, ‘నేను నిజంగా చూశాను’ అని చెప్పేవారి మాట ఏమిటి? వారందరూ అబద్ధమాడేవారు కారు. భయంతో ఎదురుచూసే మనసు చెట్టుకొమ్మను చేయిగానూ, గాలి చప్పుడును మూలుగుగానూ మార్చివేస్తుంది. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజినీరు తాను పనిచేసే ప్రయోగశాలలో ఒక రాత్రి వణుకు పుట్టి, కంటికొనలో బూడిదరంగు ఆకారాన్ని చూశాడు. అతడు పారిపోక కారణం వెతికాడు. కొత్తగా పెట్టిన ఒక ఫ్యాను సెకనుకు సుమారు 19 కంపనాల ధ్వనిని పుట్టిస్తున్నదని కనుగొన్నాడు. అది చెవికి అందని ధ్వని. ఫ్యాను ఆపగానే ఆ బాధ పోయింది. ఆ ధ్వనే తన అనుభవానికి కారణమని 1998లో ఒక వ్యాసంలో వివరించాడు.

మరొక ఉదాహరణ వినండి. 1921లో అమెరికాలో విలియం విల్మర్ అనే కంటి వైద్యుడు ఒక కుటుంబం గాథను ప్రచురించాడు. వారికి ఇంట్లో అడుగుల చప్పుడు వినిపించేది. వింత ఆకారాలు కనిపించేవి. తలనొప్పి, నీరసం ఉండేవి. చివరకు ఇంటిని వెచ్చబరచే కొలిమి చెడిపోయి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తున్నదని తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని కూర్చున్నా ఈ వాయువే పుడుతుంది, ప్రాణం తీస్తుంది. దయ్యమని భయపడి పరుగెత్తేవాడు కాని, ధైర్యమని అక్కడే కూర్చునేవాడు కాని అసలు కారణాన్ని వెతకడు. ప్రమాదం అక్కడే ఉన్నది.

మనసుకు కలిగే హాని వెంటనే బయటపడదు. ఆ రాత్రి అందరూ నవ్వుతారు. ఇంటికి వచ్చిన తరువాత ఒకరికి నిద్ర పట్టదు. దీపం ఆర్పితే గుండె దడదడలాడుతుంది. మెలకువ వచ్చినా ఒళ్లు కదలక, గుండెలమీద ఎవరో కూర్చున్నట్టు అనిపించవచ్చు. నిద్ర చెడినప్పుడు ఇటువంటి స్థితి ఎక్కువగా కలుగుతుందని వైద్యులు చెబుతారు. దయ్యమే వెంట వచ్చిందని ఆ పిల్లవాడు నమ్మితే భయం రెట్టింపవుతుంది. ఇంట్లో ఇటీవల ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలకు ఈ ఆట మరింత కీడు చేస్తుంది.

భయం అంటువ్యాధి వంటిది. మన తెలుగు ఊళ్లలో ఒకప్పుడు ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద వ్రాసుకున్నారు. ఒక ఇంటిని చూసి మరొక ఇల్లు, ఒక వీధిని చూసి మరొక వీధి. పిల్లలను చీకటి పడగానే లోపలికి లాగేవారు. వ్రాసినవారిలో ఆ స్త్రీని చూసినవారెవరు? భయం మాత్రం గడప గడపా తొక్కింది.

కాబట్టి, మిత్రులు ‘నీవు పిరికివాడివా?’ అని రెచ్చగొడితే ఏమి చేయాలి? ‘నేను రాను’ అని చెప్పండి. పదిమంది పోతుంటే రానని నిలబడడానికే ఎక్కువ ధైర్యం కావాలి. ఎవరైనా పోయి వచ్చి జడుసుకుంటే ఎగతాళి చేయకండి. అమ్మానాన్నలకో, గురువులకో చెప్పండి. నిద్ర పట్టని రాత్రులు కొనసాగితే వైద్యునికి చూపించాలి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు.

జజీరత్ అల్ హమ్రాను తప్పక చూడండి. పగటివేళ, పెద్దలతో, అనుమతి ఉన్న చోట్ల చూడండి. గోడలోని పగడపు రాయిని గమనించండి. గాలిని గదిలోకి దింపే బురుజును చూడండి. ఆ గదులలో పిల్లలు పుట్టారు. ఆ గుమ్మాలలో తల్లులు పడవల కోసం ఎదురుచూశారు. వారి సంతతివారు నేటికీ ఈ దేశంలో ఉన్నారు. తమ తాతల ఇంటిని ఎవరో ‘దయ్యాల కొంప’ అంటే వారికి ఎలా ఉంటుంది? బ్రతుకుతెరువు కోసం సొంత ఊరు విడిచి వచ్చిన కుటుంబాల పిల్లలు మీరు. మన ఊళ్లలోనూ తాళం వేసిన ఇళ్లు ఉన్నాయి. ఆ బాధ మీకు తెలియనిది కాదు.