మన ఊళ్లో డబ్బు ఏ నెలలో వస్తుంది?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



ఏడాది లెక్కలు ఇందాకే కోశాధికారి చదివారు. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత అన్నీ విన్నారు. వసూళ్ల దగ్గరికి వచ్చేసరికి, ఈ ఏడాది ఒక్క వాయిదా కూడా తప్పలేదనగానే మీరంతా చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ఆ చప్పట్ల గురించే ఇప్పుడు మాట్లాడాలనుకుంటున్నాం. కొంచెం ఓపిక పట్టండి, భోజనాలు ఇంకా ఉడుకుతున్నాయి.

మన సోంపేట ఎలాంటి ఊరో మీకు చెప్పక్కర్లేదు. కోడలిగా వచ్చినవాళ్లకే మొదట్లో తికమక. రైలు దిగితే స్టేషన్ పేరు సోంపేట, దిగిన ఊరు మాత్రం కంచిలి. తూర్పుకి పోతే బారువ, అక్కడ మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. వాన వెలిసిన రోజున పడమటి వైపు చూస్తే మహేంద్రగిరి కొండల వరస. ఈ రెండింటి మధ్యలో మన ఉద్దానం తోటలు, జీడి, కొబ్బరి, పనస. పల్లంలో వరి. బజార్లో ఒక పూట నిలబడితే చాలు, అన్నీ మన ముందుకే వస్తాయి. బారువ వైపు నుంచి చేపల గంపలు దిగుతాయి. తోటల నుంచి పనసకాయలు, కొబ్బరికాయలు వస్తాయి. మందస కొండల నుంచి సవర ఆడవాళ్లు చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు మోసుకొస్తారు.

బయటి నుంచి వచ్చిన అధికారులు ఇవన్నీ చూసి, మీకేటమ్మా, సముద్రం ఉంది, తోట ఉంది, అడవి ఉంది అంటారు. ఉన్నాయి. కానీ అవి ఒకే నెలలో డబ్బు ఇవ్వవు. మన వాయిదా మాత్రం నెలనెలా అదే తేదీకి వస్తుంది.

సముద్రం సంగతి చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం. 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం ఉండాల్సిందే, దాన్ని మన వాళ్లెవరూ కాదనరు. ప్రభుత్వం భృతి ఇస్తుంది, అది ఇంటికి చేరిన రోజే పాత బాకీకి పోతుంది. గుజరాత్‌లో వెరావల్ వైపు వేటకు వెళ్లిన మగవాళ్ల లెక్క అయితే వాళ్లు తిరిగొచ్చాక గానీ తేలదు.

జీడి సంగతి వేరు. చలికాలంలో పూత, మార్చి నుంచి మే దాకా పిక్క. ఆ మూడు నెలలే చేతిలో డబ్బు ఆడేది. శ్రావణం వచ్చేసరికి అది అయిపోతుంది. ఊడ్పుల కూలి ఉంటే ఉంటుంది, లేకపోతే వరి కోతల దాకా ఎదురుచూపే.

ఇప్పుడు అసలు విషయం. ఈ వేసవిలో మేము సముద్రం ఒడ్డున ఒక సంఘానికి పుస్తకాలు చూడడానికి వెళ్లాం. పుస్తకం ముత్యంలా ఉంది. ఏప్రిల్ కట్టారు, మే కట్టారు, జూన్ కూడా కట్టారు. మెచ్చుకుని లేవబోతుంటే, బోట్లు ఒడ్డునే ఉన్నాయి కదా, డబ్బు ఎక్కడిదని మాలో ఒకరు ఊరికే అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక చెల్లెలు, "అప్పా, కట్టేసినాం గదా, ఇంకేటి?" అంది.

మేము వెళ్లిపోతుంటే ఆవిడే ఆటో దాకా వచ్చి చెప్పింది. చేపలు కొనే వ్యాపారి దగ్గర నూటికి ఐదు వడ్డీకి తెచ్చి కట్టారు. వడ్డీ ఒక్కటే కాదు. నిషేధం విడిచాక పడిన చేప మొదట అతనికే వెయ్యాలి, ధర అతను చెప్పిందే. సంఘంలో పది మందిలో ఏడుగురు అలాగే కట్టారట. మరి మాకెందుకు చెప్పలేదమ్మా అంటే, "చెప్తే సంఘానికి పేరు పోతాది గదా" అంది.

ఆ పేరు మనం పెట్టిందే. ఒక్క వాయిదా తప్పిన సంఘం పేరును నెలవారీ సమావేశంలో గట్టిగా చదివింది మేమే. నూటికి ఐదు వడ్డీ నుంచి బయటపడడానికే కదా ఈ సంఘాలు పెట్టుకున్నాం. ఆ వాయిదా కట్టడానికే మళ్లీ నూటికి ఐదుకు తెస్తుంటే మేము చప్పట్లు కొట్టాం.

తర్వాత తోటల వైపు కూడా అడిగాం. అక్కడ మాట ఇంకోలా ఉంది. కార్తీకంలో ఇంట్లో ఏమీ ఉండదు, వాయిదా ఉంటుంది. పూత రాకముందే వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. మార్చిలో 80 కిలోల బస్తా తూకానికి వచ్చేసరికి బజారు ధర ఒకటి, అడ్వాన్సు తీసుకున్నవాళ్ల ధర ఒకటి. ఇచ్చినవాడు తక్కువ కడుతున్నాడని తెలుసు, అడగడానికి నోరు రాదు.

ఇంకో మాట చెప్పారు, అది విన్నాక మాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. రాలిన పిక్కలు ఏరడానికి నలుగురు కలిసి, బాగా వెలుగొచ్చాకే తోటలోకి వెళ్లాలని మనం ఎప్పటినుంచో అనుకుంటున్నాం. ఎలుగుబంట్లు జీడిపండుకీ పనసపండుకీ తోటల్లోకి వస్తాయి. 2018లోనూ 2022లోనూ మన ఉద్దానంలో ఎలుగు దాడుల్లో మనుషులు పోయారు. అది తెలియని ఇల్లు ఇక్కడ లేదు. అయినా వాయిదా దగ్గర పడిన వారంలో ఒక అక్క చీకటితోనే, ఒక్కతే వెళ్లింది. తెల్లారేలోపు ఏరి బేరానికి పంపితే ఆ రోజు సాయంత్రం సంఘంలో కట్టొచ్చని. ఆ రోజు ఏమీ జరగలేదు. పొదల్లో చప్పుడు విని గంప వదిలేసి పరిగెత్తి వచ్చింది, అంతే. పుస్తకంలో ఆ రోజు ఆవిడ పేరుకెదురుగా "కట్టారు" అని ఉంది. తోడికోడలు దగ్గర చేబదులు తీసుకుందట.

వ్యాపారుల గురించి ఇంత చెప్పాం కాబట్టి మన గురించి కూడా చెప్పుకోవాలి. బజారు వీధి సంఘాల్లో చింతపండు వ్యాపారం చేసే అక్కలు ఉన్నారు, పాలకవర్గంలో కూడా ఉన్నారు. కొండ నుంచి వచ్చే సవర అక్కకు పండక్కి 500 ఇచ్చి, చింతపండు దిగాక మన తూకం, మన ధర అంటున్నాం. మనకి చేప వ్యాపారి ఎలాగో, ఆవిడకి మనం అలాగే. ఈ ముక్క ప్రసంగంలో వద్దని మాలో కొంతమంది అన్నారు. ఉండాలనే అనుకున్నాం.

సరే, ఏం చెయ్యగలం? బ్యాంకు లింకేజీ వాయిదా మనం మార్చలేం. సకాలంలో కట్టకపోతే సున్నా వడ్డీ కూడా పోతుంది. స్త్రీనిధి కూడా మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మన సొంత పొదుపు నుంచి ఇచ్చుకునే అంతర్గత అప్పు, గ్రామ సంఘంలోనూ సమాఖ్యలోనూ ఉన్న నిధి. వాటికి వాయిదా ఎప్పుడన్నది మన తీర్మానమే.

లెక్క చెప్తాం. ఒకావిడ సొంత పొదుపు నుంచి 20,000 తీసుకుంది, పది వాయిదాలు, నూటికి రూపాయి వడ్డీ. మార్చికి నాలుగు కట్టింది, ఇంకా 12,000 ఉంది. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ అసలు అడగకుండా వడ్డీ మాత్రం తీసుకుందాం. నెలకు 120, మూడు నెలలకు 360. జూలై నుంచి మిగిలిన ఆరు వాయిదాలు మామూలుగా నడుస్తాయి. సంఘానికి నష్టం లేదు, ఆ 360 అదనంగానే వస్తుంది. అదే మూడు వాయిదాలకూ నెలకు 2,000 చొప్పున నూటికి ఐదుకు తెస్తే, మొదటి నెల 100, రెండో నెల 200, మూడో నెల 300. మొత్తం 600 వడ్డీ. పైన చేప ధరలో పోయేది ఎంతో వాళ్లకే తెలుసు.

ఇందులో చిక్కు లేదని అనం. ఒడ్డు మీది సంఘంలో అందరిదీ ఒకే పని. ఆ మూడు నెలలూ ఎవరూ అసలు కట్టకపోతే సంఘం పెట్టె ఖాళీ. ఎవరికైనా ఒంట్లో బాగోలేక అప్పు కావాలంటే ఎక్కడ తేవాలి? బ్యాంకు వాయిదా ఎలాగూ ఆగదు. ఒక్క సంఘంగా చూస్తే దీనికి దారి కనిపించలేదు.

మండలం మొత్తంగా చూసినప్పుడు కనిపించింది. మేము ఒక కాగితం మీద పన్నెండు నెలలూ రాసి, ఏ వైపు డబ్బు వచ్చే నెలకు పసుపు చుక్క, రాని నెలకు కుంకుమ చుక్క పెట్టాం. ఏప్రిల్, మేలో సముద్రం వైపు కుంకుమ, తోటల వైపు పసుపు. వర్షాకాలంలో తోటల వైపు కుంకుమ, అప్పటికి సముద్రం వైపు వేట మొదలై ఉంటుంది. బోట్లు ఒడ్డున ఉన్న రోజుల్లోనే జీడి బస్తాలు కదులుతున్నాయి. ఇన్నేళ్లుగా రెండు వైపులా వ్యాపారులే ఈ ఖాళీ నెలలు చూసుకుని అడ్వాన్సులు ఇస్తున్నారు. మనం ఒకరికొకరం ఇచ్చుకోవచ్చు కదా.

అందుకని మా ప్రతిపాదన ఇది. తోటల సంఘాలు సమాఖ్యకు కట్టాల్సింది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ కట్టాలి. ఆ డబ్బుతో ఒడ్డు సంఘాలకు నూటికి రూపాయి వడ్డీ మీద ఖాళీ నెలల అప్పు ఇవ్వాలి, వాళ్ల బ్యాంకు వాయిదా ఆగకుండా. వేట మొదలయ్యాక జూలై, ఆగస్టుల్లో వాళ్లు తిరిగి కడితే, అదే డబ్బు శ్రావణం నుంచి తోటల వైపు వెళ్తుంది. పొదుపు మాత్రం ఏ నెలా ఆపకూడదు, ఎంత చిన్నదైనా సరే. సమావేశానికి రావడం కూడా. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరిగే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, వాళ్లకు పసుపు చుక్క నెల అంటూ లేదు. వాళ్లను ఈ లెక్కలో కలపకుండా ఏ ఇంటికి ఆ ఇల్లుగా గ్రామ సంఘమే నిర్ణయించాలి.

అక్టోబరు సంగతి కూడా విడిగా చూడాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చినప్పుడు రెండు వైపులా ఒకేసారి పోయింది. పడవలు, వలలు పోయాయి, జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. జీడి అంటు మళ్లీ పెడితే కాపుకి మూడు నాలుగేళ్లు, కొబ్బరికి ఆరేడేళ్లు పడుతుంది. అలాంటి ఏడాది ఒకరికొకరం ఇచ్చుకోవడానికి ఎవరి దగ్గరా ఉండదు. అందుకని ఖాళీ నెలల అప్పు మీద వచ్చే వడ్డీని ఎవరికీ పంచకుండా తుఫాను కోసం విడి ఖాతాలో ఉంచుదామని మా ఆలోచన.

ఒక పెద్దావిడ నిన్ననే మా మీద కోప్పడ్డారు. సంఘం పెట్టిన రోజు నుంచి ఉన్నారు ఆవిడ. "ముప్పై రూపాయల పొదుపు కోసం ఇల్లిల్లూ తిరిగి ఈ కట్టుబాటు తెచ్చినాం, మీరు వదులు చేస్తే మళ్లీ బిగుసుకోదు" అన్నారు. ఆ భయం మాకూ ఉంది. వచ్చే ఏప్రిల్‌లో ఒడ్డు మీద మూడు గ్రామ సంఘాలతో, తోటల వైపు మూడింటితో మాత్రమే మొదలుపెడదాం అనడానికి అదే కారణం. ఏడాది తిరిగాక లెక్క తేలకపోతే పాత పద్ధతికే పోదాం, ఇదే మైకులో తప్పయిందని చెప్తాం.

చింతపండు అక్కలు మాత్రం ఏప్రిల్ దాకా ఆగక్కర్లేదు. కాటా అందరి ముందూ పెట్టి, ఆ వారం సంత ధర పలక మీద రాసి కొనాలని బజారు వీధి సంఘాలు పోయిన వారమే తీర్మానం రాసుకున్నాయి. పాలకవర్గంలో ఉన్నవాళ్లు ముందు సంతకం పెట్టారు.

ఇప్పుడు చేతులెత్తమని అడగడం లేదు. ముందు మీ మాట వినాలి. ఒడ్డు సంఘాల వాళ్లు మొదట చెప్పండి, తర్వాత తోటల వాళ్లు. వ్యాపారి దగ్గర తెచ్చి కట్టినవాళ్లు ఆ మాట చెప్తే ఎవరి పేరూ పుస్తకంలో రాయం. మైకు వెనక వరసకి పంపిస్తున్నాం, వైరు కాలికి తగలకుండా చూసుకోండమ్మా.